దారం రీలు, కళ్ళజోడు

ఆ వీధిలో ఆమె అసలు పేరు తెలిసినవాళ్ళు తక్కువ. దర్జీలకూ, బడి యూనిఫాంలు కుట్టించేవాళ్ళకూ, ఆసుపత్రి కోట్ల జేబుల మీద పేర్లు కుట్టించుకునేవాళ్ళకూ ఆమె దారాలక్క. ముందుగదిలో ఎంబ్రాయిడరీ మిషను, గోడకు మేకులు కొట్టి వరసగా తగిలించిన రెండు వందల దారం రీళ్ళు, కిటికీ పక్కన బల్ల మీద ఒక కంప్యూటరు. ఇదీ ఆమె రాజ్యం. ఎవరైనా ఒక బొమ్మ తెస్తే దాన్ని కంప్యూటర్లో కుట్లుగా మార్చి, పెన్‌డ్రైవ్‌లో వేసుకుని మిషనుకు పెట్టేది. ఏ కుట్టు ముందు పడాలో, ఎక్కడ దారం తెంచాలో ఆమెకు కొట్టినపిండి. ముక్కు మీద కోపం ఉన్న మనిషే. కానీ ఒప్పుకున్న రోజుకు పని చేతిలో పెట్టేది కాబట్టి ఆ కోపాన్ని అందరూ భరించారు.

ఆమె భర్తను ప్రూఫాయన అనేవాళ్ళు. లెక్కల పుస్తకాలు అచ్చువేసే ప్రెస్సులో పేజీలు కంపోజ్ చేయడం, ప్రూఫులు దిద్దడం ఆయన పని. పొద్దున్న ఎనిమిదికి వెళ్ళి సాయంత్రం నాలుగున్నరకు వచ్చేవాడు. మిగిలిన పేజీలు ఇంటి దగ్గర చూసుకునేవాడు. ఆయన నోట్లోంచి వచ్చే మాట కూడా లోపల రెండుసార్లు ప్రూఫు చూసుకుని వచ్చేది కాబోలు, అంత ఆలస్యంగానూ వచ్చేది, అంత పొట్టిగానూ ఉండేది. వీధిలో ఎక్కడైనా బోర్డు మీద తప్పు కనిపిస్తే మాత్రం కాళ్ళు అక్కడే నాటుకుపోయేవి. "అయ్యో రామా, నడవండి, మీరొచ్చి దిద్దుతారని వాళ్ళు నిచ్చెన వేసుకుని కూర్చోలేదు" అని ఆమె చెయ్యి పట్టి లాక్కుపోయేది.

పదకొండేళ్ళ కిందట ఇద్దరూ చెరిసగం వేసుకుని ఆ కంప్యూటరు కొన్నారు. కొన్న రోజే పేచీ వచ్చింది. ఆమె కుట్ల ప్రోగ్రాం విండోస్‌లో తప్ప నడవదు. ఆయన లెక్కల పేజీలేమో లినక్స్ అనే ఇంకో సిస్టంలో తప్ప తనకు కుదరవన్నాడు. సరే, రెండూ ఎక్కించుకుంటే పోయె. కానీ పెట్టె తెరవగానే ఎవరిది ముందు రావాలి? దారాలక్క ఆరుగురు పిల్లల్లో ఐదోది. స్నానానికి ఐదో వంతు, పుస్తకాలు నలుగురు చింపాక ఐదో చేతికి, భోజనాల దగ్గరా అంతే. "ముందు వాళ్ళు, తర్వాత నువ్వు" అన్న మాట చిన్నప్పుడు విని విని ఆమె చెవులు తూట్లుపడ్డాయి. అందుకని ముందే తెగేసి చెప్పింది.

"ఇందులో ఎవరిదీ ముందు కాదు. ఇద్దరికీ సమానం. అలా అయితేనే ఈ పెట్టె ఇంట్లో ఉంటుంది."

ఆయన "సరే" అన్నాడు.

ఈ కథంతా ఆ "సరే"లోనే ఉంది కాబట్టి ఆయన ఏం చేశాడో ఇక్కడే చెప్పేస్తాను. ఒకే పెట్టెలో రెండు కాపురాలు ఉన్నప్పుడు, బటన్ నొక్కగానే "ఎవరింటికి?" అని అడిగేది ఒకటుండాలి. దాన్ని బూట్ లోడర్ అంటారు. చాలాచోట్ల అది నల్లటి తెర మీద నాలుగు వరసల తెల్ల అక్షరాలు చూపించి ఊరుకుంటుంది. అది చూస్తేనే ఆమెకు చిరాకు. అందుకని ప్రూఫాయన బొమ్మలు చూపించే రకం ఏదో వెతికి పెట్టాడు. ఆ బొమ్మలు కూడా దాంతోపాటు వచ్చినవి కావు, తనే కూర్చుని గీశాడు. ఎడమవైపు దారం రీలు, అది ఆమెది. కుడివైపు కళ్ళజోడు, అది తనది. రెండింట్లో ఒకదాని చుట్టూ తెల్లటి చదరం వెలుగుతూ ఉంటుంది. ఇరవై సెకన్లలో ఎవరూ ఏమీ నొక్కకపోతే ఆ చదరం దేనిమీద ఉందో అదే తెరుచుకుంటుంది. రెండోది కావాలంటే బాణం మీట నొక్కి చదరాన్ని పక్కకు జరిపి ఎంటర్ కొట్టాలి. ఇంతకు మించి అందులో పెద్ద విద్యేమీ లేదు.

రీలు బొమ్మ చూపిస్తే ఆమె మెచ్చుకోలేదు. "దారం కొస అలా వేలాడుతోందేం? ఇలా మిషనుకు పెడితే మూడో కుట్టుకే తెగుతుంది" అంది. మర్నాటికల్లా ఆ కొస రీలు లోపలికి బుద్ధిగా దోపి ఉంది.

అప్పట్నుంచి వాళ్ళ రోజు ఒకేలా నడిచింది. పొద్దున్నే ఆమె పవర్ బటన్ నొక్కి టీ పెట్టుకోవడానికి వంటింట్లోకి వెళ్ళేది. కప్పు పట్టుకుని తిరిగొచ్చేసరికి ఆమె వైపు తెరుచుకుని ఉండేది. కూర్చోవడం, పని మొదలెట్టడం. ఒక్కరోజు కూడా బాణం మీట ముట్టుకోవాల్సిన అవసరం రాలేదు. ఎందుకు రాలేదని ఆమె ఆలోచించనూ లేదు. కుళాయి తిప్పితే నీళ్ళెందుకు వచ్చాయని ఎవరాలోచిస్తారు? సాయంత్రం ఆయన వచ్చేసరికి తన వైపు మూసేసి లేచేది. ఆయన ముఖం కడుక్కుని వచ్చి, చదరాన్ని కళ్ళజోడు మీదికి జరుపుకుని, ఐదు నుంచి ఏడు దాకా తన పేజీలు చూసుకునేవాడు.

పేచీ అంతా ఆ ఏడింటి దగ్గరే.

సరిగ్గా ఏడింటికి ఆమె కంచాలు పెట్టేది. "రండి" అని పిలిచేది. "అయిపోయింది. ఐదు నిమిషాలు" అనేవాడు. ఆ ఐదు నిమిషాలు ఏనాడూ ఐదు కాలేదు. ఏడయ్యేవి, తొమ్మిదయ్యేవి, ఒక్కోరోజు పావుగంట. పోనీ ఆ సమయంలో ఏమైనా పని చేస్తున్నాడా అంటే అదీ లేదు. చేతులు కట్టుకుని, తెర వంక చూస్తూ ఊరికే కూర్చునేవాడు. అది చూస్తే ఆమెకు ఒళ్ళు మండిపోయేది.

"ఏం చేస్తున్నారక్కడ?"

"మూస్తున్నా."

"మూయడానికి ఇంతసేపా?"

"పాతది కదా."

ఎన్ని వందలసార్లు అడిగినా ఇవే రెండు జవాబులు. అన్నం చల్లారిపోయేది, కూర చల్లారిపోయేది, ఆమె మాత్రం వేడెక్కేది. "ఆ పెట్టెనే కట్టుకోవాల్సింది మీరు, దానికైతే అన్నం కూడా పెట్టక్కర్లేదు" అని దెప్పేది. ఆయన వచ్చి కూర్చుని, చల్లారిన కూర కలుపుకుని తినేవాడు. బాగుందనీ అనడు, బాగాలేదనీ అనడు.

కోపం పైకి కనిపించేది గానీ, లోపల ఉన్నది వేరు. పిల్లలు లేని ఇల్లు. ఇద్దరే మనుషులు. అందులో ఒకరు పెదవి విప్పరు. రాను రాను ఆమెకు ఒక అనుమానం పట్టుకుంది. ఈ మనిషికి తనతో కూర్చోవడం ఇష్టంలేక, పని అయిపోయాక కూడా ఆ తెర ముందు ఇంకో పది నిమిషాలు దాక్కుంటున్నాడని. ఆ కళ్ళజోడు బొమ్మ వెనకాల ఆయనకు ఇంకో లోకం ఉందనీ, అందులో తనకు చోటు లేదనీ. ఆ వైపు తాళం వేసి ఉంటుందనే ఆమె అనుకుంది. తెరిచి చూడాలని ఒక్కసారీ ప్రయత్నించలేదు. అడగడానికి అభిమానం అడ్డొచ్చింది.

ఆ రోజు పొద్దుట్నుంచీ ఆమెకు అన్నీ ఎదురే. నూట ఇరవై టోపీల మీద నీలం పడాల్సిన చోట ఊదారంగు పడింది. మొత్తం విప్పి మళ్ళీ కుట్టాలి. సాయంత్రానికి వేళ్ళు పుళ్ళయ్యాయి. ఏడింటికి కంచాలు పెట్టి పిలిచింది. "ఐదు నిమిషాలు" అన్నాడు. తల తిప్పి చూస్తే, చేతులు కట్టుకుని కూర్చుని ఉన్నాడు. తెర అప్పుడే నల్లబడి, మళ్ళీ వెలుగుతోంది. ఇంక ఆమెకు ఓపిక లేకపోయింది. విసవిసా వచ్చి గోడ మీద స్విచ్ కట్టేసింది.

తెర ఆరిపోయింది. ఆయన ఆరిన తెరను చూశాడు, ఆమెను చూశాడు. లేచి వచ్చి కంచం ముందు కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున్న ఆమె బటన్ నొక్కి, టీ పెట్టుకుని తిరిగొచ్చి చూస్తే, కంప్యూటర్లో ఆయన వైపు తెరుచుకుని ఉంది. బూడిదరంగు తెర, ఏ మూలో ఒక గడియారం. ఎప్పుడూ లేనిది ఇదేమిటి? కరెంటు తీసేసినందుకు పెట్టె అలిగిందనుకుంది. పైగా టోపీల పని నెత్తి మీద ఉంది. ఆయన గుమ్మం దగ్గర కూర్చుని బూట్లు వేసుకుంటున్నాడు.

"మీ బొమ్మను మీ దగ్గరే పెట్టుకోండి. నా పొద్దు పాడు చేయకండి" అంది.

ఆయన ఒక బూటు వేసుకుని, ఇంకోటి చేత్తో పట్టుకుని వచ్చాడు. తన వైపు మూసి, చదరాన్ని రీలు మీదికి జరిపి, అది పూర్తిగా తెరుచుకునేదాకా అలాగే నిలబడ్డాడు. "ప్రెస్సుకు ఆలస్యమవుతుంది, వెళ్ళండి" అని ఆమె కసిరింది. గుమ్మం దాటుతూ అన్నాడు.

"రేపట్నుంచి అలా రాదులే."

పదకొండు గంటలకు ప్రెస్సు మెట్ల మీద, చంకలో ప్రూఫుల కట్టతో, ప్రూఫాయన కూలిపోయాడు. ఆసుపత్రికి చేర్చేలోపే అయిపోయింది. కబురు వచ్చేటప్పటికి దారాలక్క యాభై ఆరో టోపీ కుడుతోంది. ఆ టోపీలో నీలందారం సగంలో ఆగిపోయింది. ఆ తర్వాత దాన్ని ఆమె పూర్తి చేయనూ లేదు, పారేయనూ లేదు.

ఆయన చివరి మాట ఏమిటని అందరూ అడిగారు. చెప్పింది. "చూశావా, ముందే తెలిసినట్టుంది పాపం" అని చుట్టాలు ముక్కున వేలేసుకున్నారు. ఆమెకు ఆ మాట మింగుడుపడలేదు. ఆయన అలా గూఢంగా మాట్లాడే మనిషి కాదు. రేపట్నుంచి రాదులే. విసిగిపోయి అన్నాడా? ఇక నీ జోలికి రానులే అన్నాడా? ఆరు నెలలు ఆ మాటను తిప్పి తిప్పి చూసుకుంది. మిషను మీద చెయ్యి, మనసు దాని మీద. ఎవరినైనా అడిగి తెలుసుకునేదీ కాదు. తనతో ఇన్నేళ్ళు ఇష్టంగా బతికాడా, తప్పక బతికాడా? ఆ ఒక్కటి తెలిస్తే చాలనుకుంది. తెలియకుండా తన బతుకు ఎలా వెళ్ళదీయాలో ఆమెకు తోచలేదు.

ఆయన పోయాక కంప్యూటరు కూడా మొరాయించడం మొదలుపెట్టింది. తెరుచుకునేది ఆమె వైపే, కానీ వారంలో రెండుసార్లు పొద్దున్నే "అప్‌డేట్ అవుతోంది, ఆపవద్దు" అని నీలం తెర వేసి కూర్చునేది. టీ తాగడం అయ్యేది, కప్పు కడగడం అయ్యేది, అది మాత్రం ముప్ఫై శాతం దగ్గర తిరుగుతూ ఉండేది. ఇదివరకెన్నడూ ఈ పీడ లేదు. ఆయనతోపాటే దీనికీ వయసైపోయిందనుకుంది.

ఒక శనివారం ప్రెస్సు ఓనరు ఫోన్ చేశాడు. అతని మాట మెత్తగా, మొహమాటంగా ఉంది.

"ఏమనుకోకమ్మా. ఆయన చేస్తున్న పుస్తకంలో తొమ్మిదో అధ్యాయం మా దగ్గర లేదు. ఇంటి కంప్యూటర్లో ఉండాలి. ఎవరిచేతనైనా తీయించి ఇస్తావా?"

"రేపు చూస్తానండి" అంది.

కంప్యూటర్ల పని తెలిసినవాడు ఇంట్లోవాడే, ఆమె పిన్ని కొడుకు, తమ్ముడి వరస. పాత కంప్యూటర్లు బాగుచేసే దుకాణం నడుపుతాడు. వాడికి చెబితే వచ్చి క్షణంలో తీసిస్తాడు. కానీ ఆమెకు ఇంకొకరి ఎదుట ఆ వైపు తెరవాలనిపించలేదు. తొమ్మిదో అధ్యాయం ఒక సాకు మాత్రమే. అందులో ఎక్కడో ఒక మూల తన గురించి ఒక ముక్క ఉంటుందని, ఒక ఫొటో అయినా, తన పేరుతో ఒక కాగితం అయినా ఉంటుందని ఆమెకు ఆశ పుట్టింది. నోటితో చెప్పనివాళ్ళు రాసుకుంటారు కదా.

ఆదివారం మధ్యాహ్నం వీధి తలుపు గడియ వేసి, కంప్యూటరు ముందు కూర్చుంది. రెండు బొమ్మలూ వచ్చాయి. పదకొండేళ్ళలో మొదటిసారి బాణం మీట నొక్కింది. చదరం రీలు మీంచి కళ్ళజోడు మీదికి జరిగింది. ఎంటర్ కొట్టి, పాస్‌వర్డ్ అడిగితే ఏం కొట్టాలా అని వేళ్ళు ముడుచుకుని కూర్చుంది.

తాళమే లేదు. నేరుగా తెరుచుకుంది. ఇన్నేళ్ళూ ఎవరు కావాలంటే వాళ్ళు వెళ్ళగలిగేలాగే ఉంది ఆ గది.

లోపల అంతా ఆయన బీరువాలాగే ఉంది. సంవత్సరానికొక ఫోల్డరు, అందులో పుస్తకానికొకటి, అందులో అధ్యాయానికొకటి. తొమ్మిదో అధ్యాయం ఉండాల్సిన చోటే ఉంది. ఆమె దాంతో ఆగలేదు. ప్రతి సంవత్సరంలోకీ వెళ్ళింది, ప్రతి పుస్తకంలోకీ వెళ్ళింది. భిన్నాలు, త్రిభుజాలు, వర్గమూలాలు. ఎవరెవరివో ప్రశ్నలు, ఎవరెవరికో జవాబులు. ఒక ఉత్తరం లేదు. ఒక ఫొటో లేదు. ఆమె పేరు లేదు. సాయంత్రం ఎండ కిటికీ దిగిపోయేదాకా వెతికింది. చెప్పొద్దూ, కళ్ళజోడు బొమ్మ వెనకాల ఇంకో లోకం ఉందనుకుని ఇన్నేళ్ళు కుళ్ళుకుంది కదా, తీరా చూస్తే లెక్కలు తప్ప అక్కడేమీ లేవు. ఆ ఖాళీ ఆమెను ఎక్కువ బాధపెట్టింది. ఇంకో మనిషి ఉత్తరం దొరికినా అంత ఏడ్చేది కాదేమో. తనమీద కోపమైనా ఎక్కడా రాసుకోలేదాయన. బల్ల మీద తల పెట్టుకుని, పక్కింటికి వినిపించకుండా, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. తర్వాత మూసేసి లేచింది.

సోమవారం పొద్దున్న మామూలుగా బటన్ నొక్కి టీకి వెళ్ళింది. కప్పుతో తిరిగొచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. తెర మీద ఆయన వైపు తెరుచుకుని ఉంది. బూడిదరంగు తెర, మూల గడియారం. ఆయన పోయిన రోజు పొద్దున్న చూసిందీ ఇదే.

తమ్ముడికి ఫోన్ చేసింది. వాడు పది గంటలకు సంచీ భుజాన వేసుకుని ఊడిపడ్డాడు. వాడిది ఆగని నోరు. బావ మిగిల్చిన మాటలన్నీ వీడే వాడుకుంటున్నాడని ఇంట్లో వేళాకోళం చేసేవాళ్ళు.

"దెయ్యమూ కాదు, రోగమూ కాదు, కూర్చోక్కా" అన్నాడు కుర్చీ లాక్కుంటూ. "బావ పెట్టింది అలా ఉంది. కిందటిసారి ఏ బొమ్మ తెరిస్తే, ఈసారి చదరం దానిమీదే ఉంటుంది. నిన్న బావ వైపు తెరిచావు, ఇవాళ అదే వచ్చింది. అంతే."

"కాదురా. ఎప్పుడూ నాదే వచ్చేది."

"ఎందుకొస్తుంది? సాయంత్రం బావ తనది వాడితే, పొద్దున్న బావదే రావాలి."

"రోజూ సాయంత్రం ఆయన వాడేవారు. రోజూ పొద్దున్న నాదే వచ్చేది. నాకు తెలీదా?"

తమ్ముడు నొసలు ముడిచాడు. "అయితే ఈమధ్య మార్చి ఉంటాడులే" అని ఆ బూట్ లోడర్ సెట్టింగుల ఫైలు తెరిచాడు. చదివి, దాని తేదీ చూసి, మళ్ళీ చదివాడు. "లేదక్కా. పదకొండేళ్ళ కిందట రాశాడు. ఆ తర్వాత ఒక్క అక్షరం కూడా కదపలేదు. ఎప్పుడూ రీలే ముందు రావాలని ఒక్క లైను రాస్తే సరిపోయేది. ఆ లైను బావకి తెలీకపోదు. మరెందుకు రాయలేదో."

ఎందుకు రాయలేదో ఆమెకు తెలుసు. ఎవరిదీ ముందు కాదని తనే అంది.

"ఉండు, ఇంకోటి చూద్దాం" అని తమ్ముడు ఆమె వైపు తెరిచాడు. కంప్యూటరు తనెప్పుడు మేల్కొందీ, ఎప్పుడు పడుకుందీ తనే ఒక చిట్టా రాసుకుంటుందట. పాతవి చెరిగిపోయాయి గానీ, ఆయన పోకముందు నాలుగు నెలలవి మిగిలాయి. వాడు వేలితో చూపిస్తూ చదివాడు.

"ఇదిగో, పొద్దున్న ఏడున్నరకి తెరిచావు, సాయంత్రం నాలుగున్నరకి మూశావు. ఇదేంటి? మళ్ళీ ఏడూ రెండుకి నీ వైపే తెరుచుకుంది. ఏడూ పదకొండుకి మూతపడింది. మర్నాడూ అంతే. ఏడూ ఒకటికి తెరిచారు, ఏడూ పదికి మూశారు. ఏడింటికి నువ్వేం పని చేస్తావక్కా?"

"ఏడింటికి నేను కంచాలు పెడతాను."

వాడు చదువుతూ పోయాడు. గొంతు తగ్గుతూ వచ్చింది. ప్రతిరోజూ అంతే. ఏడు దాటగానే ఆమె వైపు తెరుచుకోవడం, తొమ్మిది నిమిషాలకో పావుగంటకో మూతపడటం. మధ్యలో ఏ పనీ లేదు. అప్‌డేట్లన్నీ ఆ వేళలోనే అయ్యాయి. వాడు కుర్చీ ఆమె వైపు తిప్పాడు.

"బావ తన పని అయ్యాక, మళ్ళీ మొదట్నుంచి పెట్టి, చదరాన్ని నీ రీలు మీదికి జరిపి, నీ వైపు తెరిచి మూసేవాడు. నీ పొద్దున్న నువ్వు ఆగాల్సిన పని లేకుండా. సగంలో ఆపితే నీ వైపు పాడవుతుందని పూర్తయ్యేదాకా కూర్చునేవాడు. పాత పెట్టె కదా, అంతసేపు పడుతుంది."

ఏం చేస్తున్నారక్కడ? మూస్తున్నా. ఇంతసేపా? పాతది కదా. ఆయన ఏదీ దాచలేదు. అడిగిన ప్రతిసారీ ఉన్నదున్నట్టే చెప్పాడు. ఆమె చెవులకు ఎక్కలేదు.

"ఇక్కడ ఒక్కరోజు లేదక్కా" అన్నాడు తమ్ముడు, చిట్టాలో కిందికి వచ్చి. "అన్ని రోజులూ ఉంది, ఈ ఒక్కరోజు ఏడింటిది లేదు. ఆ మర్నాడు పొద్దున్న ఏడూ నలభైకి తెరిచారు. ఆ తర్వాత నువ్వు తప్ప ఎవరూ..."

తేదీ చూసి ఆపేశాడు.

"ఆ రోజు నేను స్విచ్ కట్టేశాను" అంది దారాలక్క.

వాడికి అర్థం కాలేదు. రేపట్నుంచి అలా రాదులే. ఆరు నెలలు ఆ మాటలో ఏదేదో వెతికింది. విసుగు ఉందేమోనని, శాపం ఉందేమోనని, చావు ఉందేమోనని. అందులో ఉన్నది ఇంతే: ఇవాళ సాయంత్రం మరిచిపోకుండా నీ బొమ్మ మీద పెట్టి మూస్తాను. ఒక బూటుతో నిలబడి చదరం జరిపి, ఆలస్యమైపోయి, గబగబా గుమ్మం దాటిన మనిషి అన్న మాట అది. తన్నుకొచ్చిన ఏడుపుకు ఈసారి ఆమె కొంగు అడ్డం పెట్టుకోలేదు. పక్కింటికి వినిపించినా వినిపించనీ అనుకుంది. ఇష్టంగానే బతికాడు. రోజుకు తొమ్మిది నిమిషాల చొప్పున చెప్పాడు. చెబుతున్నంతసేపూ ఆమె వంటింట్లోంచి తిడుతూనే ఉంది, ఆఖరుసారి చెప్పబోతుంటే కరెంటు తీసేసింది. ఇప్పుడు వెళ్ళి ఎవరితో చెప్పుకోవాలి?

తమ్ముడు నీళ్ళు తెచ్చి ఇచ్చాడు. తొమ్మిదో అధ్యాయం పెన్‌డ్రైవ్‌లో వేశాడు. వెళ్ళేముందు నెమ్మదిగా అడిగాడు.

"ఆ ఒక్క లైను మార్చేయనా? రోజూ నీదే వస్తుంది. ఇంక నీకు ఇబ్బంది ఉండదు."

"వద్దురా."

"ఇప్పుడు ఆ వైపు తెరిచేవాళ్ళు ఎవరున్నారక్కా?"

"ఇద్దరికీ సమానం అని చెప్పి కొన్నాను" అంది. "అలాగే ఉండనీ."

ఆ రోజు ఆమె పని ఆలస్యమైంది. కోట్ల మీద పేర్లు కుట్టడం పూర్తయ్యేసరికి సాయంత్రం ఏడయింది. పొయ్యి మీంచి కూర దించి, ఒక్క కంచం పెట్టి, తిరిగి వచ్చి కంప్యూటరు ముందు కూర్చుంది. తన వైపు మూసి, మళ్ళీ మొదట్నుంచి పెట్టింది. తెర నల్లబడి వెలిగింది. రెండు బొమ్మలూ వచ్చాయి. కొస లోపలికి దోపిన రీలు, దాని పక్కన కళ్ళజోడు. పదకొండేళ్ళలో ఒక్క సాయంత్రమైనా ఆయన వచ్చేసరికి ఆయన బొమ్మ సిద్ధంగా లేదు. రోజూ అలసిపోయి వచ్చి తనే జరుపుకున్నాడు. ఆమె బాణం నొక్కి చదరాన్ని కళ్ళజోడు మీదికి జరిపి, ఎంటర్ కొట్టింది. అది పూర్తిగా తెరుచుకునేదాకా, మళ్ళీ పూర్తిగా మూతపడేదాకా చేతులు కట్టుకుని కూర్చుంది.

గోడ గడియారంలో ఏడూ తొమ్మిది అయింది. కూర చల్లారిపోయింది. వంటింట్లోంచి ఎవరూ కేక వేయలేదు.